మౌయి కొండల ఆకోహెకోహె: తురాయి దేనికి, పైకి ఎందుకు పోదు, చూడాలంటే ఎక్కడ?

వెదురుపొద (ప్రశ్న):

హవాయి దీవుల్లో, అందులోనూ మౌయిలో మాత్రమే మిగిలిన ఆకోహెకోహె అనే పిట్ట గురించి తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి. సందేహాలన్నీ ఒకేచోట అడిగేస్తున్నాను.

ఇది మన పెరట్లో మందారాల మీద వాలే తేనెపిట్టకు చుట్టమేనా? ముక్కు మొదట్లో ముందుకు పొడుచుకొచ్చిన ఆ తెల్ల కుచ్చు దేనికి? దోమకాటు వల్ల ఈ జాతి పోతోందంటారు, ఆ దోమలేమో కింద వెచ్చటి చోట ఉంటాయంటారు. మరి రెక్కలున్న పిట్ట ఇంకాస్త పైకి పోయి బతకొచ్చు కదా? దోమల్ని తగ్గించడానికి హెలికాప్టర్‌లోంచి దోమల్నే వదులుతున్నారట, అదెలా? చివరిది: కాలిఫోర్నియాలో ఉండే మావాళ్లు డిసెంబర్‌లో మౌయి వెళ్తున్నారు. వాళ్లకు కనపడే వీలుందా, ఏమైనా జాగ్రత్తలున్నాయా?

జామపువ్వు:

చుట్టం కాదండీ. మన తేనెపిట్టది వేరే కుటుంబం. అమెరికా హమ్మింగ్‌బర్డ్ ఇంకా దూరం. ఆకోహెకోహె హవాయి హనీక్రీపర్లనే పిట్టల గుంపులోది. ఆ హనీక్రీపర్లన్నీ ఫించ్ కుటుంబంలోవి. ఆసియా రోజ్‌ఫించ్‌ల వంశంలోని గింజలు తినే పిట్ట ఏదో 50 లక్షల ఏళ్లకు ముందే సముద్రం దాటి ఆ దీవుల మీద వాలింది. దాని సంతతే కొన్ని గింజలకు, కొన్ని బెరడు కింది పురుగులకు, కొన్ని పూల తేనెకు మరిగి డజన్ల కొద్దీ జాతులయింది. చలికాలంలో మన వైపు వెదురు పొదల్లోకి దిగే ఎర్రతల రోజ్‌ఫించ్ ఉంది చూశారా, పాత పక్షుల పుస్తకాలు వెదురు పిచ్చుక అని రాసింది, ఆకోహెకోహెకు తేనెపిట్ట కంటే అదే దగ్గరి బంధువు. మీరు పెట్టుకున్న పేరు బాగా కుదిరింది!

నాలుక మాత్రం తేనెపిట్ట నాలుకలాగే గొట్టంలా చుట్టుకుని, కొస కుంచెలా చీలి ఉంటుంది. చేసే పని ఒకటే కాబట్టి పనిముట్టూ ఒకేలా తయారయింది.

పొడవు 17–18 సెంటీమీటర్లు, బరువు 24–29 గ్రాములు. మన పిగిలిపిట్ట కంటే కాస్త చిన్నదనుకోండి. దూరం నుంచి చూస్తే ఉత్త నల్లపిట్టే. అసలు అందం దగ్గరికొస్తేగానీ తెలీదు. గొంతు, రొమ్ము ఈకల కొసలకు వెండి బూడిద రంగు, వీపు మీదా పొట్ట మీదా ఈకల కొసలకు నారింజ చుక్కలు, మెడ వెనక ముదురు నారింజ పట్టీ, తొడల మీద కూడా నారింజే. రెక్కల, తోక కొసలు తెలుపు. ముక్కు నల్లగా, సన్నగా, కొద్దిగా కిందికి వంగి ఉంటుంది. పిల్లలకు ఈ హంగులేవీ ఉండవు. మట్టి బూడిద రంగులో, తురాయి సరిగా రాకుండా ఉంటాయి కాబట్టి వాటిని వేరే జాతి అని పొరబడడం తేలిక.

ఇక తురాయి సంగతి. ముందు ఓహియా పువ్వు ఎలా ఉంటుందో చెప్పాలి. ఓహియా మన జామ, నేరేడు కుటుంబంలోని చెట్టు. జామపువ్వు తలచుకోండి. రేకులు పేరుకే, చూపంతా కేసరాలదే. ఆ తెల్ల కేసరాల చోట ఎర్రవి పెట్టి, పొడవు పెంచి, అలాంటి పూలు కొన్నింటిని ఒకే గుత్తిగా కట్టండి. అదే ఓహియా. తేనె అడుగున చిన్న గిన్నెలో ఉంటుంది. పిట్ట ముక్కు ఆ గిన్నెలోకి దిగేసరికి కేసరాల కొసలు సరిగ్గా నుదుటికి తగులుతాయి. ముందుకు వంగిన తెల్ల కుచ్చు అక్కడ కుంచెలా పనిచేసి పుప్పొడి అంటించుకుంటుంది. ఇంకో చెట్టు మీద వాలగానే ఆ పుప్పొడి కీలాగ్రానికి రాసుకుంటుంది. మేత మేస్తున్న పిట్టను దగ్గరగా చూస్తే ఆ తెల్ల ఈకలకు పసుపు రంగు పుప్పొడి అంటి ఉంటుంది.

ఒక్క ఓహియాతోనే గడవదు. అది పూయని రోజుల్లో కింది పొదల్లోకి దిగి ఆకలా, కనవావో, ఓహేలో పూల మీద పడుతుంది. ఆకలా అంటే అక్కడి కోరిందలాంటి ముళ్లపొద లెండి, మన ఆకలి కాదు. మాంసకృత్తుల కోసం గొంగళిపురుగులు, సాలీళ్లు తింటుంది, పిల్లలకూ పెడుతుంది.

స్వభావం మాత్రం మహా దురుసు. బాగా పూసిన చెట్టు దొరికితే దాన్ని తన జాగీరులా కాపలా కాస్తుంది. ఇఈవి, అపపానె అనే ఇంకో రెండు హనీక్రీపర్లను తరుముతుంది, తనవాళ్లనూ వదలదు. ఆ మూడింటిలో పెత్తనం ఎప్పుడూ దీనిదే. అపపానెలు గుంపుగా వచ్చిపడితే మాత్రం ఒక్కటీ ఎన్నింటినని తరుముతుంది?

పేరు దాని కూతలోంచే వచ్చింది. గొంతులోంచి బొంగురుగా 'ఆకోహెకోహె' అన్నట్టే ఉంటుంది. శాస్త్రీయ నామం పాల్మేరియా డోలియై, 1891లో వర్ణించారు.

మబ్బుగీత:

పై సమాధానానికి గూటి సంగతి కలుపుతాను, తర్వాతి లెక్కకు అది కావాలి. నవంబర్ నుంచి జూన్ దాకా గూళ్లు కడతాయి. గూడు ఓహియా చెట్టు పైకొమ్మల్లో, నేలకు 13–14 మీటర్ల ఎత్తున, పుల్లలూ నాచూ కలిపి అల్లినది. పెట్టేది ఒకటి లేదా రెండు గుడ్లు. ఆడపిట్టే పొదుగుతుంది, 16 రోజులు. అన్నాళ్లూ మగది మేత తెచ్చిపెడుతుంది. పిల్లలు మూడు వారాలకు గూడు వదులుతాయి. అంటే జత ఎంత కష్టపడినా ఏడాదికి చేతికొచ్చే పిల్లలు ఒకటో రెండో. చావులు పెరిగితే పూడ్చుకునే శక్తి ఈ జాతికి లేదు.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న, పైకి ఎందుకు పోదని. పైన అడవి లేదండీ. ఇవి ఉండేది హలేఅకలా అగ్నిపర్వతం ఈశాన్య వాలు మీద. కొండ ఎత్తు 3,055 మీటర్లే గానీ, తడి అడవి 2,000 మీటర్లు దాటగానే ఆగిపోతుంది. సముద్రం మీంచి వీచే వ్యాపార పవనాలు మబ్బును కొండ మీదికి తోస్తాయి. సుమారు ఆ ఎత్తులో పైన ఒక వెచ్చటి గాలిపొర మూతలా కూర్చుని ఉంటుంది. మబ్బు దాన్ని దాటి లేవదు. మూత కింద కుండపోత: ఆ వాలు మీది బిగ్ బాగ్ అనే చిత్తడినేల దగ్గర ఏడాదికి 10,000 మిల్లీమీటర్లకు పైనే కురుస్తుంది. మూత పైన ఎండిన పొదలు, తర్వాత బూడిద, రాయి. ఆకోహెకోహె అక్కడికి ఎగరగలదు, ఎగిరి ఏం తింటుంది?

పైగీతను మబ్బు గీస్తే, కింది గీతను గీసేది చలి. దోమకాటుతో వీటికి వచ్చేది పిట్టల మలేరియా, దాని పరాన్నజీవి పేరు ప్లాస్మోడియం రెలిక్టమ్. మనుషులకు రాదు. మోసేది క్యూలెక్స్ క్వింక్వెఫాసియేటస్, మన దగ్గర బోదకాలు మోసుకొచ్చే దోమ అదే! దోమ రోగి పిట్టను కుట్టగానే రోగం అంటించలేదు. పరాన్నజీవి దోమ ఒంట్లో పెరిగి, దాని లాలాజల గ్రంథుల్లోకి చేరాలి. 17 డిగ్రీల దగ్గర ఈ పెరుగుదల బాగా నెమ్మదిస్తుంది, 13 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. దోమ బతికే ఉన్నా రోగం అంటించదన్నమాట. 1980ల్లో 1,500 మీటర్ల పైన ఉన్న అడవికి ఈ చలే రక్ష. ఏళ్లు వేడెక్కేకొద్దీ ఆ 13 డిగ్రీల గీత కొండెక్కుతోంది. పైన మబ్బు గీత మాత్రం ఉన్నచోటే ఉంది. ఈ రెండు గీతల మధ్య మిగిలిన పట్టీలోనే ఆ జాతంతా బతకాలి.

ఇంకో తిరకాసు పూత. ఓహియా అన్ని ఎత్తుల్లో ఒకేసారి పూయదు. తేనె మీద బతికే పిట్ట పూత వెంట పైకీ కిందికీ తిరగక తప్పదు. వేసవి చివర నుంచి డిసెంబర్ దాకా కొండ మధ్యభాగంలో రోగం ఎక్కువగా ఉండే కాలం. ఆ రోజుల్లో పూత కోసం ఓ 300 మీటర్లు కిందికి దిగి, కాటు తిని, పైకి తిరిగొచ్చి చచ్చే పిట్టలుంటాయి. పైఅడవిలో కళేబరం దొరికిందని అక్కడే దోమ కుట్టిందనుకోకూడదు.

వెదురుపొద:

చాలా బాగా చెప్పారు. రెండు అనుబంధ ప్రశ్నలు. మన పిచ్చుకలకూ కాకులకూ ఈ మలేరియా వస్తుందా, వస్తే అవెందుకు చావవు? రెండోది, అన్నింటినీ పట్టి పంజరాల్లో పెట్టి కాపాడితే పోదా?

మబ్బుగీత:

వస్తుంది. పిచ్చుకలో ఈ పరాన్నజీవి మామూలుగానే కనపడుతుంది. కానీ దోమా రోగమూ ఉన్న నేలల్లో లక్షల ఏళ్లుగా చచ్చినవి చచ్చి, తట్టుకున్నవి మిగిలాయి. హవాయిలో అసలు స్థానిక దోమే లేదు. 1826లో మౌయిలోని లహైనా రేవులో ఓ ఓడ మంచినీటి పీపాల్లోంచి దిగిందని చెబుతారు. హనీక్రీపర్ల రక్తానికి అంతకుముందు ఈ రోగంతో పరిచయం లేదు. ఇఈవి మీద చేసిన పరీక్షల్లో ఒక్క కాటుకే పదింట తొమ్మిది చచ్చాయి. ఎర్ర రక్తకణాలు పగిలి రక్తహీనత వస్తుంది, మేతకు తిరిగే ఓపిక పోతుంది. రోజంతా తేనె తాగితేగానీ నిలవని ఒంటికి అంతకంటే దెబ్బ ఏముంటుంది? 'పెద్ద ద్వీపం' అని పిలిచే హవాయి ద్వీపంలో అమాకిహి అనే ఇంకో హనీక్రీపర్ పల్లపు అడవుల్లో తట్టుకోవడం నేర్చింది. దాని సంఖ్య పెద్దది, చచ్చినా మిగిలినవాటిలో నిబ్బరం ఉన్నవి దొరికాయి. ఆకోహెకోహెకు అంత జనాభా ఎక్కడుంది?

పంజరం మాట: మొదటి అడ్డంకి పైన జామపువ్వు గారు చెప్పిన దురుసుతనమే. ఇరుకు చోట పెడితే ఒకదాన్నొకటి బతకనివ్వవు, జత కుదర్చడం పెద్ద తలనొప్పి. పైగా దోమతెర కట్టిన గది కావాలి, రోజుకు పలుమార్లు తాజా తేనెనీళ్లు కావాలి. వేరే అడవికి తరలించడమూ అంత సులువు కాదు. 2019లో కివికియు అనే ఇంకో మౌయి పిట్టను, 14 పక్షులను, హలేఅకలా అవతలి వాలు మీది నకులాకు తీసుకెళ్లారు. కొన్ని వారాల్లోనే మలేరియా చాలావాటిని తినేసింది. అక్కడ దోమలు అనుకున్నదానికంటే ఎక్కువున్నాయి. దోమను తీయకుండా పిట్టను మార్చినా లాభం లేదని అప్పుడు తేలిపోయింది.

లార్వాతొట్టి:

హెలికాప్టర్ దోమల సంగతి నేను చెబుతాను, దీని మీద పుకార్లు ఎక్కువ.

వదిలేవి మగదోమలు. మగది కుట్టదు, పూల రసం తాగి బతుకుతుంది. క్యూలెక్స్ ఒంట్లో వోల్బాకియా అనే బ్యాక్టీరియా మామూలుగానే ఉంటుంది. ప్రయోగశాలలో ఆ రకాన్ని తీసి వేరే దోమజాతి నుంచి తెచ్చిన ఇంకో రకం వోల్బాకియాను ఎక్కించి ఒక వంశాన్ని పెంచుతారు. ఈ మగది అడవిలోని ఆడదాంతో జతకడితే రెండు రకాలూ పొసగవు, గుడ్లు పెడుతుంది గానీ పొదగవు. జన్యుమార్పిడి కాదిది, దోమ జన్యువుల జోలికి ఎవరూ పోలేదు. పని చేయాలంటే అడవి మగదోమల కంటే వదిలినవి చాలా రెట్లు ఎక్కువుండాలి, అదీ వారం వారం ఆపకుండా. ఒక నెల మానేస్తే మిగిలిన ఆడదోమలు మళ్లీ తొట్టెలు నింపేస్తాయి. తూర్పు మౌయిలో 2023 నవంబర్‌లో మొదలుపెట్టారు, తొలినాళ్లలో వారానికి సుమారు 2.5 లక్షలు. కాలిఫోర్నియాలో పెంచి తెస్తారు. నేలలో కరిగిపోయే చిన్న డబ్బాల్లో పెట్టి జారవిడుస్తారు. 2025 నుంచి డ్రోన్లతో కూడా వేస్తున్నారు, ఒక్కో డబ్బాలో 1,000 దాకా దోమలు. ఆ వాలు మీద మబ్బు తెరిపిచ్చే గంటలు తక్కువ, హెలికాప్టర్ ఎక్కించాలంటే మనిషి ప్రాణంతో పని. అందుకే డ్రోన్ నయం.

తప్పు ఎక్కడ జరగొచ్చంటే, ఆడామగా వేరుచేసే దగ్గర. పొరపాటున కొత్త వోల్బాకియా ఉన్న ఆడదోమలు తగినన్ని కలిసిపోతే, వాటికి ఈ మగదోమలతో చక్కగా పొసగుతుంది, గుడ్లు పొదుగుతాయి. ఆ వంశమే అడవిలో నిలదొక్కుకుంటే ఇన్నాళ్ల శ్రమా వృథా. అందుకని ప్యూపా దశలో సైజును బట్టీ, పెద్దయ్యాక రూపాన్ని బట్టీ మళ్లీ మళ్లీ వడగడతారు.

నేల మీది పని ఇంకోటుంది. అడవిపందులు హాపుʻఉ అనే చెట్టంత ఫెర్న్ మొదలును కూల్చి లోపలి పిండి తినేస్తాయి. మిగిలిన డొల్లలో వాన నిలుస్తుంది. మన ఇంటి వెనక పాత టైరులో నిలిచినట్టే! ఒక్కో డొల్ల ఒక్కో దోమల తొట్టి. అందుకే హనావీ అభయారణ్యం లాంటిచోట్ల కంచె వేసి పందుల్ని తరిమారు. అయితే ఆ వాలు మీద వాగులు ఎక్కువ. వాన ఆగిన రోజుల్లో వాగు రాళ్ల గుంటల్లో కూడా క్యూలెక్స్ పెడుతుంది. గుంటలన్నిట్లో మందు కొట్టడం ఎవరి తరమూ కాదు. కంచె అవసరమే, ఒక్క కంచెతో పని జరగదు.

జామపువ్వు:

పైన హాపుʻఉ మధ్యలో పెట్టిన ఆ గుర్తు బదులు తెలుగులో హాపువు అని రాసుకున్నా సరిపోతుందనుకుంటా, లార్వాతొట్టి గారూ. హవాయి పలుకులో మధ్యన చిన్న విరుపు, అంతే.

కంచె గురించి ఒక మాట ఒప్పుకోను. పందులు పోతే దోమలు తగ్గడం ఒక్కటే కాదు, కింది పొదలు తిరిగి లేస్తాయి. ఆకలా, ఓహేలో పొదలు పెరిగితే ఓహియా పూయని వారాల్లో పిట్ట పైనే ఉండిపోతుంది, కిందికి దిగే పని తప్పుతుంది. ఆ లెక్కన కంచె విలువ దోమల కంటే పూలలోనే ఎక్కువ.

సన్నకెమెరా:

మీవాళ్ల ప్రయాణం గురించి, ఆశ పెట్టుకోవద్దని ముందే చెప్పండి. ఆకోహెకోహె ఉండే అడవిలో ఎక్కువ భాగం జనానికి మూసే ఉంటుంది. హలేఅకలా జాతీయ పార్కులో 2,070 మీటర్ల ఎత్తున హాస్మర్ గ్రోవ్ ఉంది, అక్కడిదాకా కారు పోతుంది. అక్కడ ఇఈవి, అపపానె, అమాకిహి, అలవాహియో దొరుకుతాయి. ఆకోహెకోహె అక్కడ తగలడం లాటరీ. పక్కనే ఉన్న వైకామోయి రక్షితారణ్యంలో అవకాశం కాస్త మెరుగు. కానీ అక్కడికి గైడ్ వెంట తప్ప పోనివ్వరు, ఆ నడకలు రోజూ ఉండవు. బయల్దేరే ముందే తేదీలు కనుక్కోవాలి.

తెల్లవారుజామున 3 నుంచి 7 లోపు పార్కులోకి కారుతో వెళ్లాలంటే సూర్యోదయం టికెట్ ముందుగా తీసుకోవాలి. పిట్టల కోసమైతే ఆ గొడవ అక్కర్లేదు, 7 దాటాక వెళ్లి 10 దాకా నిలబడండి. తర్వాత మబ్బు దిగిపోతే ఏమీ కనపడదు. పొద్దున్నే 10 డిగ్రీల లోపు ఉంటుంది, కింది బీచ్ బట్టలతో వెళ్తే అరగంట కూడా నిలబడలేరు. వానకోటు తప్పనిసరి.

నల్లగా కనపడిన ప్రతిదీ ఇదే అనుకోకండి. మబ్బు వెలుతురుకు ఎదురుగా చూస్తే ఎర్రటి అపపానె కూడా నల్లగానే ఉంటుంది. అప్పుడు తోక కింద చూడాలి, అపపానెకు అక్కడ తెల్లగా ఉంటుంది, తోక నిక్కించి తిరుగుతుంది. ఇఈవికి పొడవాటి కొడవలి ముక్కు. ఆకోహెకోహె రెండింటికంటే బరువైన పిట్ట, ముక్కు మొదట్లో కుచ్చు పక్క నుంచి కూడా తెలుస్తుంది. పూచిన చెట్టు మీద మిగతావన్నీ ఒక్కసారిగా చెదిరాయంటే, చెదరగొట్టింది ఎవరో చూడండి. ఫోన్‌లో కూత పెట్టి పిలవడం మాత్రం వద్దే వద్దు. డిసెంబర్ గూళ్ల కాలం. దురుసు పిట్ట, గూడొదిలి పోట్లాటకొస్తుంది, గుడ్డు చల్లారిపోతుంది. 1967 నుంచి అంతరించే జాతుల జాబితాలో ఉన్న పిట్ట, దాన్ని వేధించడం చట్టరీత్యా నేరం కూడా.

లెక్కబెట్టు:

ఎన్ని మిగిలాయో ఎవరూ రాయలేదు. 1980 సర్వేలో సుమారు 3,800 అని అంచనా. 2017లో 1,768. ఈ రెండో అంకెను ఒంటరిగా రాయకండి. దాని అసలు అర్థం 1,193 నుంచి 2,411 మధ్య ఎక్కడో అని. లెక్కించే తీరు ఇది: అడవిలో గీసిన బాట మీద నిర్ణీత దూరాల్లో ఆగి, ఒక్కోచోట 8 నిమిషాలు నిలబడి, విన్న, చూసిన ప్రతి పిట్టా తనకు ఎన్ని మీటర్ల దూరంలో ఉందో రాస్తారు. దూరం పెరిగేకొద్దీ ఎన్ని తప్పిపోతున్నాయో ఆ మీటర్ల నుంచే కట్టి, మొత్తానికి విస్తరిస్తారు. ఎక్కువ భాగం చెవి మీద ఆధారపడే పని. గాలి చప్పుడు, వాన, మబ్బు లెక్క తగ్గిస్తాయి. పూసిన చెట్టు పక్కనే ఆగితే లెక్క పెరుగుతుంది. కాబట్టి ఒక ఏడాది అంకె చూసి సంతోషపడడం, బెంబేలెత్తడం రెండూ అనవసరం. ఏళ్ల తరబడి దిగుతున్న వాలు మాత్రం నిజం. ఒకప్పుడు పక్కనున్న మొలకాయి ద్వీపంలోనూ ఉండేది, అక్కడ 1907 తర్వాత కనపడలేదు. 2022లో శాస్త్రజ్ఞుల బృందం ఈ జాతి 10 ఏళ్ల లోపే అంతరించే ముప్పుందని అంచనా వేసింది.

సన్నకెమెరా గారు చెప్పనిది బూట్ల సంగతి. ఓహియాను రోజుల్లో, వారాల్లో ఎండగొట్టే బూజు తెగులు పెద్ద ద్వీపంలో లక్షల చెట్లను తినేసింది. సెరటోసిస్టిస్ రకాలు రెండు. చెట్టుకు గాయమైన చోట దూరుతుంది, మట్టితో, బూటుతో, కత్తితో ఊరూరా తిరుగుతుంది. మౌయిలో 2019లో హానా దగ్గర ఒకే ఒక్క చెట్టులో కనపడితే దాన్ని తీసేశారు. ఓహియా పోతే దోమలన్నీ చచ్చినా ఈ పిట్టకు తేనె లేదు. కాబట్టి అడవిలోకి వెళ్లే ముందూ వచ్చాకా బూట్ల అడుగు గాడుల్లోని మట్టిని బ్రష్‌తో పూర్తిగా తోమాలి. మట్టి ఉండగా మందు కొడితే బూజు దాని కింద భద్రంగా ఉంటుంది, అందరూ చేసే తప్పు ఇదే. తర్వాత 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిసేలా కొట్టి, ఆరనివ్వాలి. బట్టలు వేడినీళ్లలో ఉతికి డ్రయ్యర్‌లో ఎక్కువ వేడి మీద ఆరబెట్టాలి. ఓహియా కొమ్మ విరవకూడదు, బెరడు గీరకూడదు, అక్కడి కట్టెముక్క గుర్తుగా జేబులో వేసుకు రాకూడదు. పెద్ద ద్వీపం చూసి ఆ తర్వాత మౌయి వెళ్తుంటే ఈ పనంతా విమానం ఎక్కకముందే అక్కడే ముగించాలి.